వెళ్ళొస్తాను అనకూడని ఇల్లు

మా తోడికోడలు ఇంట్లోంచి బయటికి వెళ్ళేటప్పుడు "పోతున్నాను" అనేది. కూరగాయల బజారుకి వెళ్ళినా అదే మాట, ఆదివారం చర్చికి వెళ్ళినా అదే మాట. గుమ్మంలో చెప్పులు వేసుకుని, లోపలికి తొంగి చూసి, "అత్తయ్యా, పోతున్నాను" అని నవ్వుతూ చెప్పి చక్కా నడిచేది. మా అత్తగారు చేతిలో పని పడేసి గుమ్మందాకా పరుగెత్తేవారు. పోవడమేమిటి నీ మొహం, వెళ్ళొస్తాననాలి అని ఆ పిల్ల వీధి మలుపు తిరిగేదాకా కేకేసి చెప్పేవారు. ఆ పిల్ల మలుపులో ఆగి, చెయ్యూపి, ఇంకా గట్టిగా పోతున్నానని అరిచేది. యానాం ఫరంపేటలో మా వీధి వాళ్ళకి అదొక వినోదం.

నేను బళ్ళో పిల్లలకి తెలుగు చెబుతాను. నోరు పెద్దదని నాకు ఊళ్ళో పేరుంది, అందులో అబద్ధమేమీ లేదు. ఉన్న మాట కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు, ఈ వయసులో నేర్చుకునే ఉద్దేశమూ లేదు. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, ఆ తప్పు ఆ పిల్లది కాదు, మా మరిదిది. ఆ పిల్ల కనిపించగానే ప్రేమించడం వచ్చిందిగాని ఆవిడకి నాలుగు ముక్కలు సవ్యంగా నేర్పడం రాలేదు. ఆ పిల్ల తెలుగంతా అక్కడి రొయ్యల చెరువుల మీద పనిచేసే మన కుర్రాళ్ళ దగ్గర ఏరుకున్నదే. వాళ్ళలో యాస యాసకీ ఒకడున్నాడు. వాళ్ళు ఏ మాట ఎక్కువగా అంటే ఆ మాట పట్టుకుంది.

మా మరిది రొయ్యల చెరువుల టెక్నీషియన్. ఇక్కడ పని నేర్చుకుని బోర్నియో దీవికి, ఇండోనేసియా వైపు, ఉద్యోగానికి వెళ్ళాడు. అక్కడా ఓ పెద్ద నది సముద్రంలో కలిసే చోట మడ అడవి నరికి చెరువులు తవ్వారట. ఆ చెరువుల దగ్గర రొయ్యలు గ్రేడింగు చేసే షెడ్డులో పనిచేసేది ఈ పిల్ల. నది మీద బాగా ఎగువన, కొండల్లో ఉండే పునాన్ అనే జాతి మనిషి. పెళ్ళి చేసుకుని ఇద్దరూ ఇక్కడికి వచ్చేసేనాటికి మా చుట్టాల్లో ఎవరూ ఆ పేరు విని ఎరగరు. ఒకరు మలేషియా కోడలన్నారు, ఒకరు సింగపూర్ కోడలన్నారు, చైనా కోడలన్నవాళ్ళూ ఉన్నారు. చెప్పీ చెప్పీ నా నోరే నొప్పెట్టింది.

వాళ్ళ పెద్దలు అడవిలో తిరుగుతూ బతికినవాళ్ళు. పొలం లేదు, స్థిరంగా ఒక ఊరూ లేదు. అడవిపంది ఎటు వెళ్తే అటు, ఏ చెట్టు కాపుకొస్తే దాని దగ్గరికి. ఒకచోట కర్రలు పాతి, ఆకులు కప్పుకుని కొన్నాళ్ళుంటారు. తాటి జాతి చెట్టొకటి పడగొట్టి, మొదలు చీల్చి, లోపలి గుజ్జు నీళ్ళలో తొక్కి పిండి తీస్తారు. అదే వాళ్ళకి అన్నం. మనం సగ్గుబియ్యమని పిలిచేదాని అసలు పుట్టిల్లు అలాంటి చెట్టేనట. ఈ సంగతి తెలిసి మా అత్తగారు మురిసిపోయి కొత్తకోడలికి సగ్గుబియ్యం పాయసం చేసి పెట్టారు. ఆ పిల్ల ఓ చెంచా తిని, అన్నంలో ఇంత బెల్లం ఎవరు పోశారని అడిగింది. మా అత్తగారు ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు.

తను పుట్టేసరికి వాళ్ళవాళ్ళు నది ఒడ్డున ఊరు కట్టుకుని, బడి, చర్చి, మొబైలు టవరు అన్నీ చూసేశారు. కానీ వాళ్ళ అమ్మమ్మకి ఆ ఊళ్ళో కాలు నిలిచేది కాదట. పళ్ళ కాలం రాగానే మనవరాలిని వెంటేసుకుని అడవిలోకి నడిచేది. అందుకే ఈ పిల్లకి రెండూ తెలుసు, ఫోన్లో వీడియోలు చూస్తూ పొద్దుపుచ్చడమూ తెలుసు, వేసిన అడుగు చప్పుడు కాకుండా నడవడమూ తెలుసు. దానికి యానాంలో నచ్చనిది ఒక్కటే, ఎండ. నీడలో పెరిగిన మనిషి. గోదావరి గట్టు మీదికి తీసుకెళ్తే అందరూ నీళ్ళు చూస్తే, ఆ పిల్ల చున్నీ నెత్తిన కప్పుకుని సూర్యుణ్ణి తన భాషలో తిట్టేది. కోరింగ మడ అడవి చూపిస్తే, ఇది అడవి కాదక్కా, చెట్లు స్నానం చేస్తున్నాయి అంది.

ఇంట్లో ఆ పిల్లకి అందరికంటే దగ్గరైనవారు మా మావగారు. వంతెన పడకముందు ఆయన ఇటు యానానికీ అటు ఎదుర్లంకకీ మధ్య పంటు నడిపేవారు. బస్సుల్నీ ఎడ్లబళ్ళనీ పెళ్ళివారినీ ఏరు దాటించిన మనిషి. వంతెన వచ్చాక పంటు ఒడ్డునే తుప్పుపట్టింది. మా తోడికోడలు పెరట్లో సపోటా చెట్టు కింద కూర్చుని, వాళ్ళ ఊరి వెనకాల అడవి కొట్టేసి పామాయిల్ తోటలు వేశారని, అమ్మమ్మ తిరిగిన దారులన్నీ పోయాయని చెప్పినప్పుడు, ఆయన, నా పంటూ అలాగే పోయిందమ్మా అన్నారు. వాళ్ళిద్దరూ ఆ పోవడమనే మాటని సరిగ్గా ఒకే అర్థంలో వాడటం నేను విన్నాను. తెలుగు పంతులమ్మని, వ్యాకరణం దిద్దబోయి ఊరుకున్నాను.

ఆయన రోజూ ఏదో ఒకటి అడిగేవారు. బోర్డులు లేని అడవిలో ఒకరు వెళ్ళిన దారి మరొకరికి ఎలా తెలుస్తుందని అడిగారు ఒకసారి. ఆ పిల్ల గోరింట కొమ్మ విరిచి, పుల్ల చివర చీల్చి, అందులో ఒక ఆకు మడిచి దూర్చి, నేలలో ఏటవాలుగా గుచ్చింది. పుల్ల ఎటు వాలితే అటు వెళ్ళామని. ఆకు మడిచి ఉంటే దగ్గర్లోనే ఉన్నాం, వెనకాల రండి అని. వాళ్ళ అమ్మమ్మ నేర్పిందట. ఆనాటినుంచి బజారుకి వెళ్ళేముందు గేటు దగ్గర ఒక పుల్ల గుచ్చి వెళ్ళేది, మావగారు పేపరు చదువుతూ దాన్ని చూసి, చిన్నకోడలు మార్కెట్ వైపు వెళ్ళిందోయ్ అని లోపలికి చెప్పేవారు. ఈ సంగతి తెలియని మా అత్తగారు మొదటిసారి ఆ పుల్ల చూసి, ఎవరో మన గుమ్మంలో చిల్లంగి పెట్టారని గోల చేసి, చీపురుతో ఊడ్చి, పసుపునీళ్ళు చల్లారు. అసలు సంగతి తెలిసిన తరువాత కూడా ఊడ్చడం మానలేదు. గుమ్మంలో పుల్లలేమిటి, నోరుంది కదా, చెప్పి వెళ్ళమనండి అనేవారు.

చనిపోయినవాళ్ళకి కూడా ఇలా గుర్తు పెడతారా అని మావగారు అడిగితే, ఆ పిల్ల కంగారుగా చేతులూపింది. వాళ్ళకి మాత్రం పెట్టకూడదట, వెంట వచ్చేస్తారట. మనిషి పోతే వాళ్ళ పెద్దలు ఆ చోటునే విడిచిపెట్టి ఇంకో చోటికి నడిచిపోయేవారట. మావగారు అది విని నవ్వి, మనం ఎక్కడికి పోతాం, ఇంటి పన్ను కట్టేశాం అన్నారు.

ఇంకొక్కటి చెప్పకపోతే ఆ పిల్లని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకుంటారు. వాటాల విషయంలో నా ప్రాణం తీసేది. వరద నీళ్ళొచ్చినప్పుడు మా ఆయన ఒక పులస తెచ్చారు. యానాంలో పులస అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మా అత్తగారు పొద్దుటినుంచి మట్టిదాకలో బెండకాయలేసి, వెన్న వేసి, సన్నసెగన ఉడికించారు. ఆ పిల్ల గరిటె తీసుకుని ఇంట్లో ఉన్నవాళ్ళకే కాక, గిన్నెలు తోమడానికొచ్చిన ఆవిడకీ, కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చి గుమ్మంలో నిలబడ్డ అబ్బాయికీ సమానంగా ముక్కలు పంచేసింది. నా ముక్క వేలెడంత. నేను రెండు రోజులు మాట్లాడలేదు. పైగా మనం ఏమైనా ఇస్తే ఒక థాంక్సయినా ఉండదు. అడిగితే, ఉన్నది పంచడానికి థాంక్స్ ఎందుకక్కా, పంచకపోతే తిడతాం గాని అంది. అదీ నిజమే అనుకోండి, కానీ పులస పులసే.

ఇలా ఉండగా మా మావగారు ఒక ఉదయం కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గుండె పట్టుకుని పడకకుర్చీలో వెనక్కి వాలిపోయారు. డాక్టరు వచ్చేసరికే అయిపోయింది.

గంటలో ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. అందరూ హాల్లో ఏడుస్తుంటే మా తోడికోడలు ఏడుస్తూనే వంటింట్లో గిన్నెలు తీసి పెరట్లోకి చేరవేయడం మొదలుపెట్టింది. వాళ్ళ ఊరినుంచి తెచ్చుకున్న పేము బుట్టలో బట్టలు కుక్కుకుంది. మా అత్తగారి చెల్లెలు అది చూసి, శవం లేవకముందే సామాన్లు సర్దుకుంటోందని అందరికీ వినబడేలా అంది. తరువాత పాడె ఎత్తబోతుండగా ఆ పిల్ల వచ్చి మావగారి పాదాలు పట్టుకుని స్పష్టంగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అంది.

"మావయ్యా, వెళ్ళొస్తాను."

చావింట్లో ఎవరూ అనకూడని మాట అది. పరామర్శకి వచ్చినవాళ్ళు కూడా చెప్పకుండా లేచి వెళ్ళిపోవాలి. మళ్ళీ వస్తామంటే మళ్ళీ అలాంటి పనిమీదే రావాల్సి వస్తుందని భయం. ఆ పిల్లకి ఇన్నాళ్ళూ వెళ్ళొస్తాననమని నూరిపోశాంగాని, అనకూడని చోటు ఒకటుందని మాలో ఎవరమూ చెప్పలేదు. పైగా వెళ్ళేది ఆయన, ఉండేది మనం అని మేం అనుకుంటున్నాం. ఆ పిల్ల లెక్కలో ఉండేది ఆయన, వెళ్ళవలసింది మనం. మా అత్తగారి చెల్లెలు ఆ పిల్లని తిట్టబోయింది. నేను అడ్డం వెళ్ళి, మీరు ముందు పక్కకి తప్పుకోండి పిన్నిగారూ, మోసేవాళ్ళకి దారివ్వండి అన్నాను. అంతకంటే గట్టిగా అనాలని ఉంది కానీ శవం ముందు నేనూ తగ్గాను.

ఆరోజు సాయంత్రం పంతులుగారు వచ్చి గడియలు చూసి, ధనిష్ఠా పంచకంలో పోయారన్నారు. అంటే పెద్దకర్మ అవగానే ఇల్లు మూసేసి ఆరు నెలలు వేరే చోట ఉండాలి. మా ఆయనకి ఇలాంటివాటి మీద బొత్తిగా నమ్మకం లేదు, కానీ ఇల్లు మూయకపోతే వీధిలో ఒక్కడూ మన గడప తొక్కడని ఆయనే ముందు ఒప్పుకున్నారు. మా మరిది దరియాలతిప్పలో, ఇప్పుడు తను పనిచేసే చెరువులకి దగ్గరలో, ఒక ఇల్లు అద్దెకి మాట్లాడాడు. అన్నీ కుదిరాయనుకున్నాం. అప్పుడు మా అత్తగారు, శుక్రవారం గోళ్ళు తీసుకుంటే ఊరుకోని మనిషి, గుమ్మంలో పుల్ల కనబడితే పసుపునీళ్ళు చల్లిన మనిషి, నేను రాను అన్నారు. శాస్త్రం తనకి తెలుసునన్నారు. దోషం పట్టుకుంటే పట్టుకోనివ్వమన్నారు. ఆ పడకకుర్చీ పక్కన చాప వేసుకుని అక్కడే కూర్చున్నారు.

ఇటు చూస్తే మా తోడికోడలు ఆ ఇంట్లో నిద్రపోవడానికి ససేమిరా అంది. పెరట్లో కట్టెల పాకలో, మంచు పడుతున్నా, అక్కడే పడుకుంది. పెద్దకర్మ అయిన మర్నాడు తను వెళ్ళిపోతుంది, ఎవరొచ్చినా రాకపోయినా. అత్తగారు కదలకపోతే మేం ఆవిడతో ఉండాలి. అంటే ఇల్లు రెండుగా చీలుతుంది. పెద్దాయన పోగానే కోడళ్ళు వేరుపడ్డారని వీధి చెప్పుకుంటుంది, అదేమంత పెద్ద విషయం కాదు, వీధికి నేనెప్పుడూ సమాధానం చెప్పగలను. కానీ వేరుపడిన కుండలు మళ్ళీ ఒక పొయ్యి మీదికి రావడం నేను ఎక్కడా చూడలేదు. నాకు తోబుట్టువులు లేరు. ఆ పిల్ల నాకు కావాలి. అత్తగారూ కావాలి. ఇద్దరి దగ్గరికీ వెళ్ళి బతిమాలాను, కేకలేశాను, అన్నం మానేస్తానని బెదిరించాను. నా నోరు పనికిరాకపోవడం నాకు అదే మొదటిసారి.

పెద్దకర్మ అయిన సాయంత్రం చుట్టాలు చాలామంది వెళ్ళిపోయారు, ఎవరూ చెప్పకుండానే. నేను హాల్లో దుప్పట్లు మడతపెడుతున్నాను. అత్తగారు కుర్చీ పక్కనే ఉన్నారు. మా తోడికోడలు లోపలికి రాలేదు. పెరటివైపు కిటికీ బయట, సపోటా చెట్టు కింద గట్టు మీద కూర్చుని, ఊచలు పట్టుకుని లోపలికి చూస్తోంది.

"నీకు భయం," అన్నారు అత్తగారు, అటు చూడకుండానే. "అందుకే బయట పడుకుంటున్నావు."

"ఆయ్, భయమేనండి," అంది ఆ పిల్ల. దాచుకోలేదు.

"మీవోళ్ళు మడిసి పోతే వదిలేసి పోతారంట. అలా ఎలా వదిలేత్తారే?"

ఆ పిల్ల కాసేపు మాట వెతుక్కుంది. తెలుగులో దానికి కావలసిన మాట దొరికేదాకా ఊచ మీద వేలితో కొడుతూ కూర్చుంది.

"వదిలేసి కాదత్తయ్యా. ఇచ్చేసి."

నేను దుప్పటి మడత పెట్టడం ఆపాను.

"ఇల్లు మావయ్యది కదండి," అంది. "ఆయన్ని ఖాళీ చెయ్యమంటామా? మనం చేత్తాం."

అలా ఇచ్చేసినచోటికి మళ్ళీ ఎప్పుడూ వెళ్ళరా అని అత్తగారు అడిగారు. ఆ పిల్ల వాళ్ళ అమ్మమ్మ సంగతి చెప్పింది. తాతగారు పోయిన చోట ఒక పళ్ళచెట్టు ఉందట, ఆయన చిన్నప్పుడే ఇది నాది అని గుర్తు కొట్టి పెంచుకున్నది. ఆయన పోగానే అందరూ అక్కణ్ణుంచి వెళ్ళిపోయారు. చాలా ఏళ్ళు ఎవరూ అటు పోలేదు. ఈ పిల్ల కాస్త ఎదిగాక ఒక పళ్ళకాలంలో అమ్మమ్మ తనని అక్కడికి తీసుకెళ్ళింది. గుడిసె ఆనవాలు లేదు. చెట్టు మాత్రం ఉంది, విరగకాసింది. ఇద్దరూ కింద కూర్చుని కడుపునిండా తిన్నారు. లేచేముందు అమ్మమ్మ తాతగారికి చెప్పి లేచిందట.

"ఏం చెప్పింది?"

"బాగున్నాయని."

అత్తగారు నవ్వారు. ఆయన పోయాక అదే మొదటి నవ్వు, దాంతోపాటే కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి, కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. కాసేపయ్యాక ఆవిడ కిటికీలోంచి పెరట్లోకి చూశారు. ఆ సపోటా చెట్టు మావగారు పంటు మీద ఎవరో మరిచిపోయిన మొక్క తెచ్చి నాటింది. మనం దరియాలతిప్ప వెళ్ళిపోతే కాయలు ఎవరు దింపుతారు, గబ్బిలాలు తినేస్తాయి అన్నారు. మాతో వస్తానని ఆవిడ చెప్పిన తీరు అదే, అంతకంటే ఎక్కువ నేను అడగలేదు. కాపుకొచ్చినప్పుడు పెరటి గోడ బయటినుంచి దోటీతో దింపుదామని మా తోడికోడలు అంది. పెరట్లోకి అడుగుపెట్టక్కర్లేదు, దోషమూ లేదు, భయమూ లేదు. శాస్త్రానికీ అడవికీ మధ్య గోడ బయట కొంత చోటుందని నాకు తట్టనే లేదు.

మర్నాడు పొద్దున్నే ఆటోలు వచ్చాయి. అత్తగారి చెల్లెలు గుమ్మంలో నిలబడి, ఎవరూ ఇంటికి ఏమీ చెప్పకండి, వెనక్కి చూడకండి అని ముందే హెచ్చరించింది. ప్రత్యేకంగా మా తోడికోడలి వైపు చూసి మరీ చెప్పింది. ఆ పిల్ల ఈసారి ఏ పొరపాటూ జరగకూడదని పేము బుట్ట భుజాన వేసుకుని, రెండో చేత్తో నోరు మూసుకుని గేటు దాటింది. చేతిలో పుల్ల కూడా లేదు, పోయినవాళ్ళకి గుర్తు పెట్టకూడదు కదా. మా ఆయన తాళం వేశారు. మా మరిది తాళం లాగి చూశాడు. అందరం నోళ్ళు కుట్టేసుకుని ఆటోల దగ్గరికి నడిచాం.

అత్తగారు గేటు దగ్గర ఆగిపోయారు. వెనక్కి తిరిగారు. తాళం వేసిన తలుపు వైపు చూసి, ఆయన పంటు దగ్గరికి వెళ్ళే రోజుల్లో భోజనం క్యారేజీ ఇచ్చి చెప్పేటప్పటి గొంతుతో అన్నారు.

"వెళ్ళొస్తానండీ."

అత్తగారి చెల్లెలు "అక్కా" అని నోరు తెరిచి ఊరుకుంది. మా తోడికోడలు నోటిమీద చెయ్యి తీసి నా వైపు చూసింది, ఇది తప్పా ఒప్పా అని. తెలుగు పంతులమ్మని నేనే కదా. దిద్దడానికి నాకేమీ కనబడలేదు. రెండు క్రియలూ ఉన్నాయి, వెళ్ళడమూ ఉంది, రావడమూ ఉంది.

ఆ పిల్ల బుట్ట కింద పెట్టింది. కంచెలోంచి గోరింట పుల్ల విరిచి, చివర గోటితో చీల్చి, ఆకు మడిచి దూర్చి, గేటు పక్కన దరియాలతిప్ప రోడ్డు వైపు వాలేలా నేలలో గుచ్చింది. నేల పొడిగా ఉండి పుల్ల వదులుగా నిలబడింది. మా అత్తగారు వంగి, దాని మొదట్లో మట్టి దగ్గరికి లాగి, బొటనవేలితో గట్టిగా నొక్కి, అది కదలడం లేదని చూసుకున్నాకే ఆటో ఎక్కారు.